పదవి కోసం కాదు, పానం కోసం

మా ఇబ్రహీంపట్నం చర్చిలో ప్రతి ఆదివారం వాక్యం అయిపోయాక, కానుకల సంచి తిరిగే ముందు, ఒక ప్రార్థన ఉంటుంది. దేశాన్ని ఏలేవాళ్ళ దగ్గర మొదలుపెట్టి మా వార్డు మెంబరు దాకా, పదవిలో ఉన్న ప్రతి ఒక్కరి కోసం. వాళ్ళకు మనం ఓటేశామా, వాళ్ళు మనకు మంచి చేశారా చెడు చేశారా అన్నది చూడం. ఏలేవాళ్ళ కోసం ప్రార్థించమని వాక్యం చెప్పింది కాబట్టి ప్రార్థిస్తాం. అందరూ మోకాళ్ళ మీద ఉంటారు, ఒక్కరు పలుకుతారు, మిగిలినవాళ్ళు ఆమెన్ అంటారు. ఆ పలికే పని మా ఇంటిది. మొదట మా బాపు చేసేవాడు, ఆయన పోయాక మా అమ్మ చేసింది, ఇప్పుడు నేను చేస్తున్నాను. నాలాంటి కోపిష్టి మనిషి చేతికి ఈ పని ఎట్లా వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బాపు బాయిల్లో నీళ్ళ మోటార్లు బాగుచేసేవాడు. ఆదివారం ఎంత సబ్బు రుద్దినా వేళ్ళ సందుల్లో గ్రీజు నల్లగా కనిపించేది. ఈ ప్రార్థనకు ఒక నియమం పెట్టింది ఆయనే. నా చిన్నప్పుడు ఒక ఎన్నికల ముందు సంఘంలో సగం మంది ఒకాయన గెలవాలని, సగం మంది ఇంకొకాయన గెలవాలని, మోకాళ్ళ మీద ఉండగానే పోటీ పడి గొంతులు పెంచారు. దేవుడు ఆ రోజు చెవులు మూసుకొనే ఉంటాడు. బాపు మధ్యలో లేచి నిలబడ్డాడు.

"పదవి సంగతి ఓట్ల డబ్బ చూసుకుంటది. మనం పానం సంగతి అడుగుదాం. మనిషి మంచిగుండాలె, మనిషి బుద్ధి మంచిగుండాలె. గంతకు మించి ఒక్క మాట అడగొద్దు," అన్నాడు. పానం అంటే మా దిక్కు ప్రాణం, ఒంట్లో బాగుండటం.

అప్పటి నుంచి అదే నడిచింది. బాపు పోయాక ఆ పని చేతికి తీసుకున్న అమ్మకు చదువు రాదు. శనివారం సాయంత్రం బస్టాండు దగ్గరున్న నా బట్టల కుట్టు షాపుకు వచ్చి, కుర్చీలో కూర్చొని, పేపరు చదవమనేది. ఎవరు ఏ పథకం పెట్టారో ఆమెకు అక్కర్లేదు. ఎవరికి జ్వరం, ఎవరికి షుగరు, ఎవరి ఇంట్లో చావు అయింది, అవి చెప్పాలి. మరునాడు చర్చిలో అవే పలికేది. "ఆ పెద్దాయనకు మోకాళ్ళు గుంజుతున్నయంట ప్రభువా, ఆ నొప్పి నాకెరుకే, జర తక్కువ చెయ్యి," అంటే వెనక ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆమె మాత్రం నవ్వేది కాదు.

మా గోరీల జాగ ఊరికి కొంచెం దూరం, బొంగులూరు పోయే దిక్కు. రెండు వేపచెట్లు, వాటి కింద తాతల కాలం నుంచి మా వాళ్ళందరూ. బాపు అక్కడే ఉన్నాడు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మొగుడూ పెళ్ళాల్లో ఒకరు ముందు పోతే, పక్కన రెండోవాళ్ళకు జాగ వదిలి నాలుగు మూలలా రాళ్ళు పాతుతారు. తన చోటు ఎక్కడుందో బతికుండగానే తెలియడం మా పెద్దవాళ్ళకు ఒక ధైర్యం. సమాధుల పండుగనాడు బాపు గోరికి సున్నం వేసి పూలు పెట్టాక, అమ్మ ఆ నాలుగు రాళ్ళ మధ్య కాళ్ళు చాపుకొని కూర్చొని, "నా మంచం మంచిగున్నదే, జర ఎండ తక్కువున్నది," అనేది. ఆమె పెద్ద కోరికలున్న మనిషి కాదు. ఉన్న ఒక్క కోరిక ఆ రాళ్ళ మధ్యన ఉండేది.

అప్పుడే రింగు రోడ్డు వచ్చింది. బొంగులూరు దగ్గర దిగే దారి పడగానే మా చుట్టూ చేలన్నీ రంగు రాళ్ళు, జెండాలు ఎత్తాయి. నిన్న జొన్న కోసిన చోట నేడు కమాను నిలబడేది. హయత్‌నగర్ నుంచి, ఆ పైనుంచి కార్లలో వచ్చి సైట్లు చూసుకొని పోయేవాళ్ళు. మా ఊళ్ళో సైకిలు తొక్కలేనివాడు కూడా భూముల బేరం మాట్లాడేవాడు. లారీలు, ట్రాక్టర్లు మా గోరీల మీది నుంచే అడ్డంగా పోయేవి. బాపు గోరి ఒక అంచు అట్లాగే విరిగింది. అమ్మ దానికి మట్టి మెత్తి, ముళ్ళకంప అడ్డం పెట్టి వచ్చేది. మరో వారానికి కంప ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే ఎన్నికలొచ్చాయి. మా దిక్కు ఒక నాయకుడు ఉన్నాడు. ఏ పార్టీ అని చెప్పను, ఆయనకే స్థిరంగా చెప్పడం కష్టం. ఓట్లకు ముందు ఆదివారం ఆయన చెప్పులు బయట విడిచి చర్చిలోకి వచ్చాడు. ముందు వరుసలో కుర్చీ వేశారు. మీకేం కావాలని అడిగాడు. గోరీల జాగకు ప్రహరీ గోడ కావాలని పెద్దలు చెప్పారు. "గోడ నేను కట్టిస్త. ఇది నా మాట," అన్నాడు. మా పాస్టరయ్య ఉబ్బిపోయి, సారు కోసం ప్రార్థన చెయ్యమని అమ్మను పిలిచాడు.

అమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టింది. బాపు గోరికి మట్టి మెత్తి మెత్తి ఆ చేతికి పగుళ్ళు పట్టి ఉన్నాయి. ఆయన ఆరోగ్యం అడిగింది, ఆయన పిల్లల కోసం అడిగింది. అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. "ఈ బిడ్డకు అధికారం ఇయ్యి ప్రభువా. మా గోడ కట్టేతందుకు ఈయనకే అధికారం ఇయ్యి," అంది. బాపు పెట్టిన నియమం బాపు గోరి కోసమే తప్పింది. సంఘమంతా గట్టిగా ఆమెన్ అంది. ఒక్కళ్ళకూ అది తప్పని తోచలేదు.

ఆయన గెలిచాడు. గోడ కూడా కట్టించాడు. ఆ మాట మాత్రం తప్పలేదు.

కాకపోతే ఆ గోడ మా గోరీల చుట్టూ కాదు, గోరీలను లోపల కలుపుకొని ఒక పెద్ద వెంచరు చుట్టూ లేచింది. వెంచరు ఆయన బామ్మర్దిది. మేము గోడకు బయట ఉన్నాము, మా బాపు లోపల ఉన్నాడు. కంచే చేను మేసిందని అంటారు కదా, మేమైతే ఆ కంచెను మోకాళ్ళ మీద నిలబడి అడిగి మరీ తెచ్చుకున్నాం. మొదట గేటు తెరిచే ఉంటుందన్నారు. తర్వాత సమాధుల పండుగకు మాత్రం తెరుస్తామన్నారు. ఆ తర్వాత పెద్ద తాళం పడింది. ఆ జాగ మాదని చెప్పే పట్టా ఏదీ మా దగ్గర లేదు. ఊరందరికీ తెలిసిన జాగకు కాగితం ఎందుకని మా తాతలు అనుకున్నారు. ఏ ఆఫీసుకు పోయినా చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది.

గోడ అవతల ఏం జరుగుతుందో నాకు ఎవరు చెప్పారో వినండి. కోస్తా నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడిన ఒకావిడ నా షాపులో జాకెట్లు కుట్టించుకునేది. మంచి మనిషి. ఇంట్లో పిండివంటలు చేస్తే నాకు డబ్బాలో పెట్టి తెచ్చేది. ఆ రోజు గృహప్రవేశానికి పట్టు జాకెట్ కుట్టాలని వచ్చింది. కొలతలు తీస్తుంటే సంబరంగా చెప్పుకుపోతోంది.

"మా వెంచర్లో పార్కు మొదలెట్టారండి. రెండు వేపచెట్లు ఉన్నాయి చూడండి, వాటి కిందే. నేలంతా చక్కగా చదును చేసేశారు. పిల్లలకు ఉయ్యాలలు కూడా పెడతారంట," అంది.

టేపు ఆమె నడుముకు అట్లాగే పెట్టి ఉండిపోయాను. ఆమెకేమీ తెలియదు. తెలిస్తే ఆ ఇంట్లో ఆమెకు నిద్ర పట్టదు. నేను చెప్పలేదు. చెప్పకపోవడం దయ అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని భయపడ్డాను, అంతే. జాకెట్ కుట్టి ఇచ్చాను.

అమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను. ఆమె ఏడవలేదు. "రాళ్ళు పోతె పోనియ్యి. మట్టి ఆడనే ఉంటది గద," అంది. కాసేపయ్యాక, "నేనే అడిగిన బిడ్డా. ఆ మనిషికి అధికారం ఇయ్యమని నా నోటితోనే అడిగిన. దేవుడు ఇచ్చిండు," అంది. నేను ఎంత చెప్పినా ఆ మాట ఆమె మనసులో నుంచి పోలేదు. ఓట్లు వేసింది వేలమంది, నీ ఒక్కదాని ప్రార్థనకు ఆయన గెలిచాడా అని అరిచాను కూడా. "మరి ప్రార్థన ఉత్తదే అంటవా?" అని అడిగింది.

అప్పటికే ఆమె గుండె బలహీనపడింది. కాళ్ళు వాచేవి. మోకాళ్ళ మీదకు వంగితే లేపడానికి ఇద్దరు ఆడవాళ్ళు కావాలి. తన రోజులు దగ్గరపడ్డాయని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. దవాఖాన మందుల గురించి ఆమెకు ఫికర్ లేదు. గేటు గురించే ఫికర్. "నన్ను ఏడ పెడ్తరే?" అని అన్నం తింటూ తింటూ ఆగి అడిగేది. ఆ ప్రశ్నకు నేను రోజూ చచ్చేదాన్ని.

ఒక పొద్దున ఆమెను ఆటోలో ఎక్కించుకొని ఆ నాయకుని ఇంటికి పోయాను. జనం బారులు తీరి కూర్చొని ఉన్నారు. మా వంతు రాగానే ఆయన అమ్మను గుర్తుపట్టాడు.

"నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన అమ్మవు కదా! నీ ఆశీర్వాదంతోనే గెలిచిన," అన్నాడు.

"సారూ, నా జాగ లోపలున్నది. మా ఆయన పక్కన. నాకు గా ఒక్క జాగ ఇప్పియ్యి. ఇంకేం అడుగ," అంది అమ్మ చేతులు జోడించి.

"చూద్దామమ్మా. నేను మాట్లాడ్త. నువ్వు ఫికర్ చెయ్యకు." ఆ మాటంటూనే తల వంచాడు, మళ్ళీ చెయ్యి పెట్టమని. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు ఎత్తారు. నా ఒళ్ళు మండిపోయింది. అమ్మ చెయ్యి పెట్టింది. ఈసారి అధికారం మాట ఎత్తలేదు. "వీని పానం మంచిగుంచు," అని మాత్రం అంది.

బయటికి వచ్చాక ఆటోలో పోట్లాడాను. "నీకు సిగ్గు లేదా? బాపును తొక్కించినోని నెత్తి నిమురుతవా?"

"సిగ్గు ఎందుకు లేదు? మస్తున్నది. పానం కోసం అడిగెటందుకు ఇష్టం ఎందుకే? ఇష్టమున్నోళ్ళ కోసం ఎవరన్న అడుగుతరు," అంది, రొప్పుతూ.

చర్చిలోనూ గొడవ మొదలైంది. ఆయన పేరు ప్రార్థనలో పలకొద్దని కొందరన్నారు. పలకాలి, కానీ కూల్చమని పలకాలి అన్నారు ఇంకొందరు. నేను ఈ రెండో గుంపులో ముందు వరుస. పాస్టరయ్య భయస్థుడు. ఆయనకు నాయకుడూ కావాలి, మేమూ కావాలి. అందుకని ఆ ప్రార్థననే కొన్నాళ్ళు ఆపుదామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "ఆయన కోసం మొక్కేటోళ్ళందరు పదవి కోసం మొక్కెటోళ్ళే. పానం కోసం అడిగేది మనమే. మనం బందు పెడ్తె ఆ మనిషికి ఎవరున్నరు?" అంది. ఆదివారం ఆదివారం ఆమె ఆయన పేరు పలికింది. నేను ఆమెన్ అనలేదు. పళ్ళు బిగపట్టుకొని మోకాళ్ళ మీద ఉండేదాన్ని.

ఆ ఎండాకాలం ఆ నాయకునికి పక్షవాతం వచ్చింది. సిటీలో పెద్ద దవాఖానలో పెట్టారు. గుళ్ళలో పూజలు, దర్గాలో చాదర్లు, ఊరంతా హడావుడి. ఆదివారం ఆయన మనుషులు మా చర్చికి కూడా వచ్చారు, ఆయన ఫోటో ఉన్న ఫ్లెక్సీతో సహా. "ప్రత్యేక ప్రార్థన పెట్టాలె. వీడియో తీస్తం. అన్న ఇంటోళ్ళకు చూపియ్యాలె," అన్నారు.

ఎదురుచూసిన రోజు వచ్చిందనుకున్నాను. గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాను.

"అన్నా, ఫస్టు గేటు తాళం తీపియ్యుండ్రి. మా అమ్మకు మా బాపు పక్కన జాగ ఇస్తమని పెద్దమనుషుల ముంగట చెప్పుండ్రి. గప్పుడు ప్రార్థన," అన్నాను.

వాళ్ళలో ఒకతను ఫోను తీశాడు, ఎవరితోనో మాట్లాడటానికి. నిజం చెప్తున్నాను, అతని మొహంలో మెత్తదనం కనిపించింది. ఇంకొక్క నిమిషం ఆగితే ఏమయ్యేదో నాకు తెలియదు. లోపలి నుంచి అమ్మ కేక వినిపించింది.

"ఏందే, ప్రార్థన బేరం పెడ్తున్నవా? నీ అయ్య నేర్పింది గిదేనా? జరుగు. లోపలికి రానియ్యి వాళ్ళను."

నేను జరిగాను. ఆ నిమిషాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఆమె మీద కోపమే వస్తుంది. చనిపోయిన తల్లి మీద కోపం ఉండకూడదంటారు. ఉంది.

ఇద్దరు పట్టుకుంటే అమ్మ మోకాళ్ళ మీదకు వంగింది. వీడియో మొదలైంది. "ప్రభువా, ఈ మనిషి మా గోరీలు చదును చేపిచ్చిండు. నీకెరుకే. నా మొగని మీద ఉయ్యాల పాతిచ్చిండు. అది కూడ నీకెరుకే. అయినా ఈయన్ని బతికియ్యి. ఎడమ చెయ్యి పడిపోయిందంట, లేపు. నోరు వంకరపోయిందంట, సక్కగ చెయ్యి. ఈయన తల్లి ముసల్ది, బిడ్డ చావు ఆమెకు చూపియ్యకు. మేం కోపంగున్నం ప్రభువా. కోపంతోనే అడుగుతున్నం." మొదటి మాటకే ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. ఆ వీడియో ఎవరికీ చేరలేదు. అమ్మ మాత్రం చాలాసేపు అడిగింది. ఆమె ఊపిరి ఎగపోస్తుంటే వెనక ఆడవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు.

ఆయన బతికాడు. కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. గేటు గేటుగానే ఉంది, తాళం తాళంగానే ఉంది.

వానాకాలం మొదట్లో, ఒక ఆదివారం చర్చికి పోవడానికి చీర కట్టుకొని, మంచం మీద కూర్చొని, అట్లాగే పక్కకు ఒరిగి అమ్మ పోయింది.

నేను ఎవరి మాటా వినలేదు. శవపెట్టెను వెంచరు గేటు దగ్గరకే మోయించాను. సంఘమంతా వెనక నడిచింది. వాన పడుతోంది. గేటు దగ్గర కాపలాదారు, మా ఊరివాడే, "అక్కా, నా కొలువు పోతది, నీ కాళ్ళు మొక్కుత," అని ఏడ్చాడు. ఊచల్లోంచి వేపచెట్లు కనిపిస్తున్నాయి. వాటి కింద పసుపురంగు ఉయ్యాల తడుస్తోంది. ఆ నాయకునికి ఫోను చేయించాం. పడుకున్నాడన్నారు. మళ్ళీ చేయించాం. బయటికి పోయాడన్నారు. పెట్టెను గేటుకు ఆనించి, మోసినవాళ్ళు భుజాలు మార్చుకుంటూ నిలబడ్డారు. పాస్టరయ్య నా దగ్గరకొచ్చి, "ఎంతసేపమ్మా, అమ్మను ఇట్ల వానల ఉంచుడు మంచిది కాదు," అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నేను ఆ గేటును తన్నాను. ఊచలు మోగాయి, అంతే.

అమ్మ పుట్టిన ఊళ్ళో ఆమె అన్నదమ్ముల గోరీల జాగ ఉంది. అక్కడికే ట్రాలీలో తీసుకుపోయాం. పెండ్లై వచ్చి నలుగురిలో బతికిన ఆడమనిషిని, చచ్చినాక పుట్టింటికి తోలినట్టయింది. మా మేనమామ కొడుకు నన్ను ఓదారుస్తూ, "మా అత్త మా దగ్గరికే వచ్చింది కదా, ఏడ్వకు," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాట నన్ను కోసేసింది. అక్కడ ఆమె పక్కన నాలుగు మూలలా రాళ్ళు ఎవరి కోసమని పాతుతాం?

మరుసటి ఆదివారం వాక్యం అయిపోయాక ప్రార్థన వేళ వచ్చింది. పాస్టరయ్య నా వైపు చూశాడు. "నీ ఇష్టమమ్మా. ఒద్దంటె ఇడిసిపెడ్దం," అన్నాడు నెమ్మదిగా. నేను లేచి ముందుకు పోయి మోకాళ్ళ మీద వంగాను. పెద్ద పదవుల వాళ్ళ పేర్లన్నీ పలికాను. చివరికి ఆ నాయకుని పేరు దగ్గరికి వచ్చాను. నేను ఆయన్ని కూల్చమంటానని సగం మంది అనుకుని ఉంటారు. నేనూ అదే అనుకున్నాను.

"ప్రభువా, ఆయన ఎడమ చెయ్యి ఇంక లేస్తలేదంట," అన్నాను. "లేపు. ఒక తాళం తీసేంత బలం ఆ చేతికి ఇయ్యి. అప్పటిదాక ఆయన పానం తియ్యకు."

అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను.

ఇప్పటికీ ప్రతి ఆదివారం అదే అడుగుతున్నాను. ఆయన పదవి పోయింది, మళ్ళీ వచ్చింది, నాకు పట్టలేదు. ఎవరైనా నా మనసు మారిందని, క్షమించానని అంటే నాకు నవ్వొస్తుంది. మా అమ్మలాగా అడగడం నాకు చేతకాదు. కానీ బాపు నియమం మాత్రం తప్పలేదు, పానం కోసమే అడుగుతున్నాను. ఆయన నాకంటే ముందు పోకూడదు. ఆయన పోతే, మా అమ్మను తెచ్చి మా బాపు పక్కన పెట్టుకోనియ్యమని అడగడానికి నాకు మనిషే ఉండడు.